ఫ్యాన్ ఓకే అంటది, స్విచ్ మాత్రం కాలుతది: మూడు నెలలు వాడిన పీవోఈ స్విచ్ రివ్యూ

అందరికి నమస్తే. గీ చప్పుడు వినవడుతుందా? పిండి గిర్నీ కాదు, 24 పోర్టుల పీవోఈ స్విచ్, అంటే నెట్ కేబుల్‌లనే కెమెరాలకు కరెంటు కూడా పంపే డబ్బా, ఇప్పుడే ప్లగ్ పెట్టిన. జర ఆగుర్రి... ఆఁ, తగ్గింది సూడు. ఆన్ చేయంగనే ఫుల్ స్పీడ్ల తిరుగుడు మంచిదే, లోపటి సాఫ్ట్‌వేర్ లేచి సెన్సర్ చదివేదాంక రిస్క్ ఎందుకని అట్ల పెడతరు. అయిదు పది నిమిషాలైనా తగ్గకుంటేనే ఆలోచించాలె, ఎందుకంటే ఒక ఫ్యాన్ రీడింగ్ రాకపోతే మిగతాదాన్ని ఫుల్‌ల పెట్టే స్విచ్‌లు మస్తున్నయ్.

ఇది సికింద్రాబాద్‌ల సెకండ్ హ్యాండ్ తీసుకున్న. కంపెనీ పేరు మీద టేప్ వేసిన, ఇప్పుడు చెప్పే లొల్లిల వాళ్ల తప్పేం లేదు, ఊకెనే బద్నాం చేసుడెందుకు.

మిర్యాలగూడ కాడ ఒక రైస్ మిల్లుల పెట్టిన దీన్ని, 18 కెమెరాలు. రెండు నెలలు ఏం లొల్లి లేదు. మే వచ్చింది, పొద్దున అన్ని కెమెరాలు వస్తయ్, మధ్యాహ్నం రెండింటికి ఒక్కొక్కటి బంద్, మళ్ల అయిదింటికి వాటంతట అవే లేస్తయ్. సేటు ఫోన్ చేసి "తమ్మీ, నీ డబ్బా పాయె, కొత్తది తే" అన్నడు. ఎండకు బంద్ పడి సల్లపడంగ లేస్తుందంటే అది పోయిన డబ్బా కాదు సేటూ, తనను తాను కాపాడుకుంటున్న డబ్బా అని చెప్పిన, నమ్మలే.

పోయి స్విచ్ సెట్టింగుల వెబ్ పేజీ తెరిచిన. ఫ్యాన్ 1 ఓకే, ఫ్యాన్ 2 ఓకే, టెంపరేచర్ నార్మల్. గిదే నాకు కోపం, ఇంత పైస పెట్టి కొన్నంక నార్మల్ అని చెప్పుడేంది, నంబర్ చెప్పాలె గదా! ల్యాప్‌టాప్‌ను నేరుగ స్విచ్‌కు కలిపే కన్సోల్ కేబుల్ పెట్టి కమాండ్ కొడితే అప్పుడు చూపెట్టింది, లోపట 74 డిగ్రీలు, అలారం 75 కాడ. సిస్కో కంపెనీ స్విచ్‌ల అయితే షో ఎన్వ్ ఆల్, జునిపర్ కంపెనీ దాంట్ల షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్ అని కమాండ్ కొట్టుర్రి, హద్దులు మోడల్‌ను బట్టి మారుతయ్.

ఇప్పుడు 74 ఎక్కువనా తక్కువనా? ఒక్క నంబర్ చూస్తే ఏం తెల్వదు. మా ఇంట్ల టెస్ట్ చేసినప్పుడు గది 30, లోపట 48, అంటే 18 తేడా. లోడ్, అంటే కెమెరాలు గుంజే కరెంటు, అంతే ఉంటే ఆ తేడా కూడా అటూ ఇటూ అంతే ఉండాలె. మిల్లు ఆఫీసుల గది 42, లోపట 74, తేడా 32 అయింది. గది వేడి ఒక్కటే కాదు, గాలి పోతలేదు అన్నట్టు.

మూత తీసిన. ఇగో ఫోటో చూడుర్రి, జాలీ మీద ఊక దుమ్ము ఎట్లుందో, గొంగడి పరిచినట్టు, గోరుతోని గీకితే పొర పొరగా లేచింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్యల అగ్గిపుల్ల పెట్టుర్రి, లేకుంటే గాలికి అది అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పోతది. శుభ్రం చేసినంక 74 పోయి 71 అయింది. గంతే! నేను పరేషాన్.

అప్పుడు దేవుని పటం కాడికెళ్లి అగరుబత్తి తెచ్చి వెనక రెండు ఫ్యాన్ల కాడ పెట్టిన. ఒక ఫ్యాన్ పొగను బయటికి తోస్తుంది, పక్కది అదే పొగను లోపటికి గుంజుతుంది! ఒక ఫ్యాన్ చప్పుడు చేస్తుందని మధ్యల ఎవరో మార్చిన్రంట, ఉల్టా బిగించిన్రు. వేడి గాలి ఒక దాంట్లెకెళ్లి వెళ్లి ఇంకో దాంట్లెకెళ్లి మళ్ల లోపటికే. స్విచ్‌కేం తెలుసు, దానికి వచ్చేది ఎన్ని చుట్లు తిరిగిందన్న సిగ్నల్ ఒక్కటే, గాలి ఎటు పోతుందో దానికి కనవడదు. ఓకే అంటే తిరుగుతుంది అని, అంతే. ఫ్యాన్ పక్క మీద చిన్న బాణం గుర్తుంటది, కొన్నిటికి రెండుంటయ్, ఒకటి తిరిగే దిక్కు, ఇంకోటి గాలి పోయే దిక్కు. తిప్పి బిగించినంక 61కి దిగింది, గది అదే 42.

ఇంకోటి, చప్పుడు తక్కువని కంప్యూటర్ ఫ్యాన్ తెచ్చి పెట్టకుర్రి. 40 మిల్లీమీటర్లు సరిపోయినా చుట్లు సగమే ఉంటయ్, కంటికి తిరుగుతనే ఉంటది, స్విచ్ మాత్రం ఫ్యాన్ ఫెయిల్ అంటది. కొన్ని మోడళ్లల నాలుగు పిన్నుల వరుస కూడా వేరే, ముందు మీటర్ పెట్టి చూసుకోవాలె.

370 వాట్ల పీవోఈ కదా, అంత వేడి స్విచ్‌లనే పుడతదా అని అడుగుతరు. లే, కెమెరాలకు పోయే కరెంటు వేడి కెమెరాల కాడ, కేబుల్‌ల పోతది, ఇక్కడ మిగిలేది పవర్ సప్లై నష్టం, స్విచ్ తన పనికి తినే కరెంటు వేడి.

కొనాల్నా అంటే, మిల్లు, స్కూలు, హాస్పిటల్ ఆఫీసుకైతే కొనుర్రి, కమాండ్ కొడితే నంబర్లు దొరుకుతయ్, ఎప్పుడేమైందో రాసుకునే లాగ్ ఉంటది. ఫ్యాన్ స్పీడ్ మనం మార్చే సెట్టింగ్ లేదు, పడక గదిల పెట్టేది కాదు. చిన్న కొట్టుకు ఫ్యాన్ లేని 8 పోర్టులది చాలు, కానీ చాలా వాటికి చుట్టుపక్కల వేడి హద్దు 40 డిగ్రీలే రాసి ఉంటది, నల్లగొండల మే నెల ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్నా, అద్దాల డబ్బల పెట్టి తాళం వేయకుర్రి.

సేటు ర్యాక్ అద్దం తలుపు తీపిచ్చిండు. స్విచ్ పక్కన ఒక అగరుబత్తి కట్ట కూడా పెట్టుకున్నడు, చెక్ చేస్తుండా, దండం పెడుతుండా నాకైతే తెల్వదు.