రోహిణి కార్తెలో లాంగ్ రన్

శ్రోతలకు నమస్కారం.

మన హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. 42.195 కిలోమీటర్లు పరుగెత్తాలంటే నాలుగైదు నెలల సాధన కావాలి. వెనక్కి లెక్కేసుకుంటే ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టాలి. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ ఆదివారం లాంగ్ రన్ అనే, వారంలోకెల్లా పొడవైన పరుగు తప్పదు. చాలామంది దాన్ని ఎలాగోలా ముగించేయాలని చూస్తారు. నాకు మాత్రం ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన పరుగు అదే.

ఎండల్లో శరీరానికి రెండు పనులు ఒకేసారి పడతాయి. కాళ్ల కండరాలకు రక్తం పంపాలి, ఒంట్లో వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. అందుకే డిసెంబరులో హాయిగా సాగిన వేగానికే మే నెలలో గుండె దడదడలాడుతుంది. వాచీ చూసుకుని, ఫిట్‌నెస్ పోయిందేమోనని టెన్షన్ పడేది ఇక్కడే. ఎక్కడికీ పోలేదు. ఒకటి రెండు వారాలు తక్కువ దూరాలతో ఓపిగ్గా అలవాటు చేస్తే రక్తంలో ప్లాస్మా అనే ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఎవరూ నేర్పకుండానే ఒళ్లు ఇంత సర్దుకోవడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అయినా వేగం తగ్గించక తప్పదు. పక్కనున్నవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అదే సరైన వేగం. ఎండాకాలపు పరుగులో ఆనందమంతా అక్కడే ఉందంటాను. నెక్లెస్ రోడ్డులో, హుస్సేన్ సాగర్ మీద ఇంకా చీకటి ఉండగానే మాటలు మొదలవుతాయి. పిల్లల ఎంట్రన్స్ పరీక్షలు, ఈ ఏటి ఆవకాయ, రాని నీళ్ల ట్యాంకరు. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు అందరం మాటలు ఆపేస్తాం. ఆ మౌనం కూడా బాగుంటుంది. కేబీఆర్ పార్కు పక్కకు వచ్చేసరికి లోపలి నుంచి నెమళ్ల కూతలు. ఇంకో ఆదివారం ఉస్మానియా వైపు వెళితే, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల మీద తొలి ఎండ. తురాయిలు ఎర్రగా, రేలలు పసుపుపచ్చగా విరగబూసేది కూడా ఈ మండే నెలల్లోనే. కారులో పోయేటప్పుడు ఇవేవీ ఇంత దగ్గరగా కనపడవు.

మనుషులు కూడా అంతే. కూడళ్లలో పేపర్లు సర్దే కుర్రాళ్లు, పాల ప్యాకెట్లు దించేవాళ్లు, రోడ్లు ఊడ్చే అమ్మలు. ఒకసారి అలసిపోయి ఫుట్‌పాత్ మీద కూర్చుంటే, ఊడుస్తున్న ఒకావిడ తన బాటిల్ చాచి "నీళ్లు తాగుతవా బిడ్డా?" అంది. ఎండలో పగలంతా పనిచేయాల్సిన మనిషి తన నీళ్లు నాకిచ్చింది. అప్పటి నుంచి ఆ దారిలో ఎవరు ఊడుస్తున్నా ఆగి పలకరించాకే ముందుకు వెళతాను.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. దాహానికి తగ్గట్టు కొద్దికొద్దిగా తాగండి. గంటల తరబడి పరుగెత్తుతూ వట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఉప్పు నిమ్మరసం మేలు. తల తిరిగినా, ఎండలో చలి పుట్టినా ఆగి నీడకు చేరండి. తోటివాళ్ల మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా ఒంటిమీద నీళ్లు పోసి గాలి ఆడేలా చేస్తూ, 108కి ఫోన్ చేయండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

మే నెలలో మనకు 5:45 లోపే తెల్లవారుతుంది. కాబట్టి నాలుగున్నరకే రోడ్డెక్కితే ఎండ ముదరకముందే ముగించవచ్చు. కొత్తవాళ్లు ముందు గంటసేపు నడక, పరుగు కలిపి మొదలుపెట్టండి. మాటలు కలిసే ఒక తోడును వెంట తెచ్చుకోండి. తిరిగి వచ్చేటప్పుడు దారిలో తాటి ముంజలు కనిపిస్తే ఇంటికీ నాలుగు కట్టించుకోండి.

నమస్కారం.