సీటు ఆపుతాను, రండి

శ్రోతలకు నమస్కారం. పెద్దవాళ్ళు ఇంట్లోనే ఉండిపోకుండా నలుగురిలో తిరుగుతూ హుషారుగా ఉండాలంటే ఏం చేయాలో మాట్లాడమన్నారు. నాకున్న టైము తక్కువ. అందుకని ఒక్క మనిషి సంగతే చెబుతాను.

చెన్నై పెరంబూరులో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారాయన. చిత్తూరు జిల్లాలో ఆర్టీసీ కండక్టరుగా రిటైరై కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో బాల్కనీలో కూర్చుని, కింద పోయే బస్సులు చూస్తుండేవారు. అరవై దాటిన చెన్నైవాసులకు సిటీ బస్సుల్లో నెలకు 10 ఉచిత టోకెన్లు ఇస్తారని ఎవరో చెప్పారు. అంతే, మళ్ళీ డ్యూటీ ఎక్కేశారు.

మూడో అంతస్తులో ఒక మామ్మగారున్నారు. మోకాళ్ళకు అమృతాంజనం రాసుకుంటూ టీవీ ముందు కూర్చునేవారు. "కాస్త నడవండి అత్తయ్యా" అని కోడలు రోజూ పోరుతుంది. "రేపు చూద్దాంలే" అని ఆవిడ రోజూ అంటారు. మన కండక్టరుగారు ఒకరోజు తలుపు కొట్టి, "అమ్మా, నాకు అరవం చదవడం రాదు. మైలాపూరు పోవాల. బోర్డు చదివేదానికి తోడొస్తారా? సీటు నేను ఆపుతా" అన్నారు. మామ్మగారు మద్రాసులోనే పుట్టి పెరిగిన మనిషి. "అయ్యో, దానికేం భాగ్యం" అని చెప్పులేసుకున్నారు. బతుకంతా బస్సులో గడిపినాయనకు 29సీ అన్న నంబరు గుర్తుపట్టడం రాదా, మీరే చెప్పండి!

ఆఫీసుల రద్దీ తగ్గాక, పదకొండు దాటాక బయల్దేరతారు. ఆవిడ రెండు కాళ్ళూ లోపల పెట్టి కమ్మీ గట్టిగా పట్టుకునేదాకా ఆయన కిందే నిలబడి, తర్వాత తనెక్కి "రైట్ రైట్" అంటారు. అసలు కండక్టరు నవ్వుకుంటాడు. దిగేది మైలాపూరులో, కూర్చునేది నాగేశ్వరరావు పార్కులో. ఆ నాగేశ్వరరావు ఎవరనుకున్నారు? ఆంధ్రపత్రిక పెట్టిన మన పంతులుగారే, ఆ అమృతాంజనం కూడా ఆయనదే!

ఎక్కడికి వెళ్ళినా, ముందుగా అక్కడ బాత్రూం ఉందో లేదో కనుక్కుంటారు కండక్టరుగారు. పెద్దవయసు ఆడవాళ్ళు గడప దాటకపోవడానికి మోకాళ్ళకంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం. పైకి చెప్పుకోరు గానీ, బయటికెళ్ళే రోజు మంచినీళ్ళు తాగడం మానేస్తారు.

ఇప్పుడు బుధవారం వస్తే గేటు దగ్గర నలుగురైదుగురు తయారు. అందరికీ ముందురోజు ఫోన్లు చేసే పని మామ్మగారిది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చురుగ్గా నడిస్తే, బస్‌స్టాపుదాకా వెళ్ళి రావడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

కాబట్టి నడవండి, నడవండి అని వెంటపడకండి. తోడు రమ్మని అడగండి. మీ పని ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి అడగండి. "ఎప్పుడైనా వెళ్దాం" అనకుండా, రేపు పదిన్నరకు కింద ఉంటానని చెప్పండి.

టోకెన్ల కోసం వయసు, చిరునామా రుజువులు పట్టుకుని దగ్గర్లోని ఎంటీసీ, అంటే చెన్నై సిటీ బస్సుల సంస్థ, ఆఫీసులో అడగండి. మామ్మలకు అవీ అక్కర్లేదు, 2021 నుంచి ఇక్కడి సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమే. ఇంట్లో మాట్లాడే దిక్కులేని పెద్దలెవరైనా వింటుంటే, 14567 నంబరు రాసుకోండి. దేశమంతా పనిచేసే ఎల్డర్ లైన్ అది, ఫోనుకు డబ్బు పడదు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. ఉంటాను, నమస్కారం.