పక్కింటి కేక ముందే వినిపిస్తే

శ్రోతలకు నమస్కారం. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరింటికి మీరేం చేస్తున్నారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో దిగిన రోజది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్నే ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు, టీవీల ముందు కూర్చున్నవాళ్లు వేరే. ల్యాండర్ దిగడం గురించి ఆ తెర మీద కనిపించింది మాత్రం ఒక యానిమేషన్ బొమ్మ, పక్కన ఎత్తూ వేగమూ చెప్పే అంకెలు, అంతే. ఆ అంకెలు తగ్గుతుంటే మనకెందుకంత టెన్షన్? 2019 సెప్టెంబరులో ఇలాగే చూస్తుండగా, చంద్రయాన్-2 ల్యాండర్ నుంచి చివర్లో సిగ్నల్ ఆగిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు మరి. పైగా మనతోపాటు దేశమంతా ఇదే చూస్తోందని తెలిసి చూడటంలో ఉండే బలం వేరు.

కానీ ఇక్కడో చిక్కుంది. చంద్రుడి నుంచి భూమికి సిగ్నల్ రావడానికి సుమారు 1.3 సెకన్లు చాలు, అదే బెంగళూరులోని ఇస్రో కేంద్రం నుంచి మన ఫోన్‌కి రావడానికి ఒక్కోసారి అర నిమిషం పడుతుంది! నెట్‌లో లైవ్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, బొమ్మ మధ్యలో ఆగకుండా ఉండటానికి ఫోన్ కొన్ని ముక్కల్ని ముందే పోగేసుకుని ఆ తర్వాత చూపిస్తుంది, అదీ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా. క్రికెట్ చూసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. మన ఫోన్‌లో బౌలర్ ఇంకా పరిగెత్తుకొస్తుంటాడు, పక్కింట్లో కేక వినిపిస్తుంది, ఫ్యామిలీ గ్రూపులో ‘ఔట్’ అని మెసేజ్ కూడా వచ్చేస్తుంది. ట్రాన్సిస్టర్‌లో కామెంటరీ విన్న రోజుల్లో కిళ్లీ కొట్టు దగ్గరున్నవాళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లూ ఒకేసారి అరిచేవాళ్లు. అది పోయిందంటే నాకు నిజంగానే బాధ.

అయినా ఈ కొత్త పద్ధతి వద్దనలేను. విక్రమ్ దిగినప్పుడు డాలస్‌లో ఉదయం ఏడున్నర దాటింది. అక్కడున్న కొడుకూ గుంటూరులో ఉన్న అమ్మా ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే ప్రసారం చూడగలిగే వీలు మునుపెక్కడిది? కాబట్టి ఈసారి అలాంటి రోజొస్తే, మీ తెర మీద ముందు కనిపించినా సరే, గ్రూపులో మెసేజ్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. అమ్మ ఫోన్‌లో ఇంకా దిగి ఉండకపోవచ్చు.