ఉప్పు కబురు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. నేను వాట్సాప్ పండితుణ్ని కాను. టెక్కలి చుట్టుపక్కల పోస్టాఫీసుల్లో ముద్రలు కొట్టి రిటైరైనవాణ్ని. వాట్సాప్ పుకార్ల గురించి మాట్లాడమని నన్నెందుకు పిలిచారయ్యా అంటే, "మీరు ఒకప్పటి ఫార్వర్డులు చూశారు కదండీ" అన్నారు. నిజమే, చూశాను.

ఎనభైల్లో పోస్టుకార్డు 15 పైసలు. ఏ గుళ్లోనో పాము కనిపించి పూజారితో మాట్లాడిందట. ఈ కార్డు అందినవాళ్లు 11 మందికి రాస్తే శుభం, రాయకపోతే కీడు. పదకొండు కార్డులంటే రూపాయి అరవై అయిదు పైసలు, పైగా చెయ్యి నొప్పి. భయపడ్డవాడు కూడా సగంలో ఆపేసేవాడు. ఇంకో సంగతి, చేత్తో ఎత్తి రాసేవారు కాబట్టి కథ మారిపోయేది. ఒకసారి ఒకే సంచిలో రెండు కార్డులు వచ్చాయి. (ఇంకొకరి కార్డు చదవడం తప్పేననుకోండి. కానీ దానికి కవరూ మూతా ఉండవు కదా!) ఒకదాన్లో, అలా కార్డులు రాసినందుకు లాటరీ తగిలింది మద్రాసు వ్యాపారికి. రెండోదాన్లో అదే లాటరీ పలాస జీడిపప్పు వ్యాపారికి తగిలింది. దారిలో ఎవరో మద్రాసు కొట్టేసి పలాస రాశారు!

ఫార్వర్డులో అక్షరం మారదు. అయినా ఊరూరా అతుక్కుంటుంది. ఎలాగంటారా? ఉప్పు సంగతి చూడండి.

2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతింది. చైనాలో ఉప్పు కోసం కొట్ల ముందు తోపులాట. అయోడిన్ ఉప్పు తింటే రేడియేషన్ అంటదని ఒక కబురు, సముద్రం పాడయింది కాబట్టి ఇక మంచి ఉప్పు దొరకదని ఇంకొకటి. అణు ప్రమాదాల్లో ఇచ్చే మాత్ర ఒక్కదానికి సరిపడా అయోడిన్ కావాలంటే కిలోల కొద్దీ ఉప్పు మింగాలి. 2014 జులైలో నైజీరియాకు ఎబోలా వచ్చింది. ఉప్పునీళ్లతో స్నానం చేసి, అవే తాగితే జబ్బు రాదని ఫోన్లన్నీ మోగాయి. ఆ నీళ్లు తాగి కనీసం ఇద్దరు పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2016 నవంబరులో మన దేశంలో పెద్ద నోట్లు రద్దయ్యాయి. మూడు రోజులకే ఉప్పు అయిపోతోందన్న కబురు లేచింది. ఉత్తరాదిన కొన్నిచోట్ల కిలో 200 రూపాయలు దాటింది.

ఉప్పు ఒకటే. ఒకచోట రేడియేషన్ భయం, ఒకచోట రోగ భయం, ఒకచోట చేతిలో డబ్బు చెల్లదన్న భయం. ఎవరింట్లో ఏ భయం పొయ్యి మీదుంటే అందులో పడింది ఆ ఉప్పు.

మరి మనకు నౌపడ ఉంది కదా! రైలు కిటికీలోంచి చూస్తే ఉప్పు మడులే, కుప్పలే. అయినా నోట్లు రద్దయిన వారం మా వదిన అయిదు ప్యాకెట్లు తెచ్చి అటక మీద పెట్టింది. "వదినా, ఉప్పు పండే జిల్లాలో ఉప్పు కొరతా?" అన్నాను. "హైదరాబాదు నించి పెద్దోడు పెట్టాడు బాబూ. ఆడు అబద్దం ఆడతాడేటి?" అంది. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆవిడ నమ్మింది కబురును కాదు, కొడుకును. వాడికి ఎవరు పెట్టారో ఆవిడకి పట్టదు. బతుకుతెరువుకి చెన్నై, హైదరాబాదు, గుజరాత్‌లోని వేరావల్ పోయిన పిల్లల ఫోన్లే లోకమైన ఇళ్లు మన జిల్లాలో ఎన్నో.

ఈ నమ్మకమే ప్రాణాల మీదికీ తెచ్చింది. కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ఒక చిన్న వీడియోలో, ఎత్తుకుపోయిన పిల్లాణ్ని చివర్లో తిరిగి దింపేస్తారు. ఆ చివర ముక్క కోసేసి మన దేశంలో తిప్పారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న ఇలాంటి పుకార్ల మధ్యనే 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడాలో అయిదుగురు సంచార జాతివాళ్లని కొట్టి చంపారు.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును అయిదు చాట్‌లకి కుదించింది. 2019 జనవరిలో ప్రపంచమంతటా అదే చేసింది. బాగా తిరిగిన మెసేజ్‌ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిచ్చింది. దాంతో అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. నా లెక్కలో అది 15 పైసల ఖర్చుని, చేతి నొప్పిని మళ్లీ తెచ్చిపెట్టడమే.

కానీ మా వదినకి, ఇది ఫార్వర్డు అని చూపే బాణం గుర్తు వచ్చినా లెక్కలేదు. మెసేజ్ చదివి, మైకు బొమ్మ నొక్కి తన గొంతుతో చెబుతుంది. బాణమూ ఉండదు, లెక్కా ఉండదు. మొన్న ఉత్తరాదిన ఎక్కడో పెట్రోలు దొరకదన్న కబురు వచ్చింది. సాయంత్రానికి మా కుటుంబం గ్రూపులో ఆవిడ గొంతు: "ఓలప్పా, టెక్కలి రోడ్డు బంకులో పెట్రోలు లేదంట, బేగి పొయ్యించుకోండి." 

నాకు మాత్రం పలాస జీడిపప్పు వ్యాపారి గుర్తొచ్చాడు. సెలవు.