దాచిన పాస్‌వర్డ్‌ను కమాండ్ ప్రాంప్ట్ ఎప్పుడు చూపిస్తుంది, ఎప్పుడు చూపించదు?

నమస్కారం. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కిటికీ అయిన కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, దాచిన లాగిన్ వివరాల జాబితా చూపే "సీఎండీకీ, స్లాష్ లిస్ట్" అని కొట్టి, అన్నీ వచ్చాయి గానీ పాస్‌వర్డ్ ఏదని వెతుక్కునేవారు చాలామంది. అందులో పాస్‌వర్డ్ లేదు, రాదు కూడా. ఏ సర్వర్ కోసం దాచారు, అది ఏ రకం, ఏ యూజర్ పేరుతో ఉంది, అంతవరకే ఆ కమాండ్ చెబుతుంది. దానికి ఇంకేదో తోక తగిలిస్తే పాస్‌వర్డ్ బయటపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

వైఫై సంగతి వేరు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్" అని కొట్టండి. ఆ కంప్యూటర్‌లో గుర్తుపెట్టుకున్న నెట్‌వర్క్‌ల పేర్లన్నీ వస్తాయి. ఇప్పుడు "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్" అని, "నేమ్ ఈక్వల్స్" తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య నెట్‌వర్క్ పేరు, చివర "కీ ఈక్వల్స్ క్లియర్" చేర్చండి. సెక్యూరిటీ సెట్టింగ్స్ భాగంలో "కీ కంటెంట్" అనే వరుస కనిపిస్తుంది. దాని ఎదురుగా ఉన్నదే పాస్‌వర్డ్, ఏ ముసుగూ లేకుండా.

ఒకే విండోస్ ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని ఎందుకు దాస్తుంది? వైఫై ప్రొఫైల్ మామూలుగా యంత్రం మొత్తానికీ చెందినది. ఎవరూ లాగిన్ కాకముందే నెట్‌వర్క్‌కు కలవాలి కాబట్టి దాని తాళం సిస్టమ్ చేతిలోనే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ అడిగితే ఇస్తుంది. సీఎండీకీ జాబితాలో ఉన్నవి ఆ యూజర్ సొంతం. అవి ఆ యూజర్ లాగిన్‌తో ముడిపడిన తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. పైగా సర్వర్ లాగిన్‌ల కోసం దాచిన పాస్‌వర్డ్‌ను మామూలు ప్రోగ్రామ్ అడిగినా విండోస్ ఇవ్వదు. లాగిన్ పని చూసే సొంత భాగాలకే అందిస్తుంది.

అలాగని దాచిన పాస్‌వర్డ్ తిరిగి తీయలేని రూపంలో ఉందనుకోకండి. వెబ్‌సైట్ సర్వర్‌కు పాస్‌వర్డ్ అవసరం లేదు, సరిపోల్చడానికి దాని హాష్, అంటే దాని నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని ముద్ర ఉంటే చాలు. మీ కంప్యూటర్ పని అందుకు పూర్తిగా తలకిందులు. అది వెళ్లి తనను తాను రుజువు చేసుకోవాలి, కాబట్టి అసలు పాస్‌వర్డో, దానికి సమానమైనదో దగ్గర ఉండి తీరాలి. ఇళ్లలో వాడే వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2నే తీసుకోండి. పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి 4096 సార్లు తిప్పి 256 బిట్ల తాళం తయారు చేస్తారు. మరి ఆ తాళం ఒక్కటే దాస్తే సరిపోదా అంటే, ఆ నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి ఆ తాళం ఒక్కటే చాలు కదా! లినక్స్‌లో ఈ లెక్క చేసిపెట్టే డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్ అనే ఉపకరణం ఇంకా తమాషా. అక్షరాల చిక్కుముడి లాంటి ఫలితం ఇస్తూనే, దాని పైనే కామెంట్‌గా అసలు పాస్‌వర్డ్‌ను కూడా రాసిపెడుతుంది.

కనెక్షన్ల పని చూసే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఉన్న లినక్స్‌లో "ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై షో హైఫన్ పాస్‌వర్డ్" అంటే ఇప్పుడు కలిసి ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ వచ్చేస్తుంది. సాధారణంగా అది ఈటీసీ ఫోల్డర్‌లోని ఫైలులో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, కాకపోతే ఆ ఫైలును రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్ తప్ప ఎవరూ చదవలేరు. నాకైతే ఈ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది. మ్యాక్‌లో "సెక్యూరిటీ" అనే కమాండ్, పాస్‌వర్డ్‌లు దాచే కీచెయిన్ నుంచి తీసి ఇస్తుంది, అయితే ముందు మీ అనుమతి అడుగుతుంది.

ఆఫీసు వైఫైలో యూజర్ పేరుతో, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంటే నెట్‌ఎస్‌హెచ్‌లో కీ కంటెంట్ వరుస కోసం వెతకకండి. అక్కడ అందరికీ ఉమ్మడి తాళం ఉండదు. ఇవన్నీ మీ సొంత యంత్రం మీద, లేదా మీకు బాధ్యత అప్పగించిన యంత్రం మీద చేయవలసిన పనులని వేరే చెప్పనక్కరలేదు.

మరి పాస్‌వర్డ్ చూపించని సీఎండీకీ ఎందుకు? నా లెక్కలో వైఫై కమాండ్ కంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే. ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చారు. కాసేపటికి అకౌంట్ లాక్ అయింది. తెరిపించారు, మళ్లీ లాక్. తరచుగా ఇక్కడ దోషి మీ కంప్యూటరే. ఎప్పుడో దాచిన పాత పాస్‌వర్డ్‌తో అది ఏదో ఒక సర్వర్ తలుపు మీకు తెలియకుండా తడుతూనే ఉంటుంది. జాబితాలో ఆ సర్వర్ పేరు పట్టుకుని "సీఎండీకీ, స్లాష్ డిలీట్, కోలన్" తర్వాత ఆ పేరు రాయండి. టార్గెట్ వరుసలో ఎలా ఉందో అలాగే రాయాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకలేదంటుంది.

తొలగించాక ఆ సర్వర్‌ను తెరిస్తే సాధారణంగా పాస్‌వర్డ్ అడగాలి. అడగకుండానే లోపలికి వెళ్లిందంటే పాత కనెక్షన్ ఇంకా తెగలేదేమో చూడండి. "నెట్ యూజ్" అని కొడితే అది కనిపిస్తుంది. దాన్ని తెంచేసి మళ్లీ ప్రయత్నించండి.