తళతళలాడే డయలా, పసుపు తిరిగిన డయలా? కీ ఇచ్చే పాత వాచీల రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద మూడు వాచీలు. మూడూ 1950లు, 60ల నాటివి, మూడూ చేత్తో కీ ఇచ్చేవే. ఒకటి బంగారు పూత వాచీ, డయల్ నిన్ననే చేసినట్టు మెరుస్తోంది. రెండోది స్టీల్ కేసు, డయల్ పసుపు తిరిగింది, అద్దం నిండా గీతలే. మూడోది డయల్ మీద జ్యూయెల్స్ (ఇరుసులు అరగకుండా మెషీన్‌లో పెట్టే చిన్న రాళ్లు) మాటే లేని చవక రకం. అమ్మకం ఫొటోల్లో కన్ను ముందు మొదటిదాని మీదే పడుతుంది. మా ఓటు మాత్రం రెండోదానికి.

ముందు డయల్ చూద్దాం. పది రెట్లు పెంచి చూపించే లూప్ చాలు. మొదటి వాచీని దగ్గరగా పెడుతున్నాను చూడండి. 6 కింద అంచులో "స్విస్ మేడ్" అక్షరాలు లావుగా, సిరా పాకినట్టు ఉన్నాయి. అసలు ఫ్యాక్టరీ అచ్చు సన్నగా, అంచులు తెగినట్టు ఉంటుంది. ఇప్పుడు 4 దగ్గరికి రండి. అతికించిన లోహపు గుర్తు ఒకచోట ఉంది, నిమిషం గీత దాని మధ్యకు రాకుండా పక్కకు జరిగింది. చిన్న సెకన్ల వలయంలో సన్నటి గుండ్రటి గాడులు ఉండాలి, అవి రంగు కింద పూడిపోయాయి. డయల్ అంచున ఈ చిన్న గాటు కూడా రంగు వేసేవాళ్లు తిరిగి సరిగ్గా కూర్చోబెట్టడానికి పెట్టుకునే గుర్తే. అంటే ఇది రీడయల్, తర్వాత మళ్లీ రంగు వేసిన డయల్. కలెక్టర్ దృష్టిలో దీని విలువ అక్కడే సగం పోయినట్టు లెక్క. హెచ్ఎంటీ కీ వాచీల్లో ఇది మరీ ఎక్కువ. ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగుల్లో కనిపించే డయళ్లలో చాలా భాగం తర్వాత ఎవరో వేసిన రంగులే.

రెండోదాని పసుపు సంగతేంటి? డయల్ అంతా సమంగా రంగు మారితే అది వయసు, పర్లేదు. అంచుల్లో మచ్చలు, పొక్కులు, పచ్చటి చిలుము కనిపిస్తే మాత్రం లోపలికి తేమ వెళ్లింది, డయల్ కింద తుప్పు ఉంటుందనుకోండి. ఇందులో అలాంటిదేమీ లేదు. ముళ్లు కూడా గమనించండి: పెద్ద ముల్లు నిమిషాల గీతల దాకా చేరాలి, చిన్న ముల్లు అంకెల లోపలి అంచు దాకా రావాలి. పొట్టిగా ఉంటే వేరే వాచీ ముల్లు పెట్టారు.

కేసు సంగతి క్లుప్తంగా చెప్తాను. బంగారు పూత ముందు లగ్గుల (పట్టీ తగిలించే కొమ్ముల) మూలల్లో, చెమట తగిలే వెనుక వైపు పోతుంది. స్టీల్ కేసును ఎక్కువ పాలిష్ చేస్తే పదునైన అంచులు సబ్బుబిళ్లలా గుండ్రబడతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. యాక్రిలిక్ (ప్లాస్టిక్) అద్దం మీది గీతలు మాత్రం పాలిష్ పేస్టుతో పదిహేను నిమిషాల పని, వాటికి భయపడి మంచి వాచీ వదులుకోవద్దు.

ఇప్పుడు చేతికి తెలిసే పరీక్షలు. కీ ముందుకు తిప్పితే క్లిక్కులు ఒకే తీరుగా రావాలి, బిగువు మెల్లగా పెరగాలి, చివర్లో గట్టిగా ఆగాలి. ఎంత తిప్పినా ఆగకపోతే సాధారణంగా వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగ్ తెగిందని. వదలగానే కీ వెనక్కి గిర్రున తిరిగితే స్ప్రింగ్ వెనక్కి విప్పుకోకుండా ఆపే క్లిక్ అనే ముక్కో, దాని స్ప్రింగో పోయింది. "ఎక్కువ కీ ఇచ్చి పాడుచేశారు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట పట్టించుకోకండి. స్ప్రింగ్ నిండుగా ఉండి వాచీ నడవట్లేదంటే చాలాసార్లు లోపల నూనె ఎండి జిగురైంది, చక్రాలు కదలట్లేదు. కీ బయటికి లాగి ముళ్లు తిప్పినప్పుడు కొద్దిగా బరువు తెలియాలి. వదులుగా తిరిగితే నిమిషాల ముల్లును మోసే కానన్ పినియన్ పట్టు పోయింది, మెషీన్ సరిగ్గా నడిచినా ముళ్లు వెనకబడతాయి.

వెనుక మూత తీద్దాం. ముందు స్క్రూల గాడులు చూడండి. చిరిగిపోయి ఉంటే తెలియని చేతులు పడ్డాయి. చాలా మెషీన్లలో క్రౌన్ వీల్ (కీ తిప్పితే తిరిగే చక్రం) స్క్రూ ఎడమ మర, అంటే తిరగేసి తిప్పాలి. ఆ సంగతి తెలియక బలవంతం చేసి విరగ్గొట్టినవి బోలెడు. రెండో వాచీలో అన్నీ శుభ్రంగా ఉన్నాయి. 17 జ్యూయెల్స్. గొప్పకు పెట్టిన అంకె కాదది: అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి 4, దాని కిందున్న రోలర్‌కు 1, ఎస్కేప్ చక్రాన్ని ఆపి వదిలే పాలెట్ రాళ్లు 2, పాలెట్ ఇరుసుకు 2, ఎస్కేప్, ఫోర్త్, థర్డ్, సెంటర్ చక్రాలకు తలా రెండు. మామూలు కీ వాచీకి అవసరమైన చోట్లన్నీ నిండాయన్నమాట. బ్యాలెన్స్ చక్రం కింద చిన్న ముద్ర, నంబరు ఉంటాయి, అవి రాసుకోండి. ఈటీఏ, ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, యూనిటాస్ లాంటి మెషీన్ కంపెనీల్లో ఎవరి మెషీనో దాన్నిబట్టే తెలుస్తుంది. స్పేర్ పార్టులు వెతకాల్సింది డయల్ మీది పేరుతో కాదు, ఈ నంబరుతో.

మూడోది పిన్ లివర్ అనే చవక రకం మెషీన్. రాతి పాలెట్ల బదులు ఇనుప పిన్నులు, ప్లేట్లు రివెట్లతో బిగించారు. ఇరుసు రంధ్రాలు అరిగి కోలగా అయ్యాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, టిక్ శబ్దం కూడా గట్టిగా వస్తుంది. కానీ విప్పి శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు వాచీ ధర దాటిపోతుంది. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికైతే సరే.

టిక్ శబ్దం విని వాచీ నడకను కొలిచే టైంగ్రాఫర్ మీద పెట్టే ముందు నిండా కీ ఇచ్చి అరగంట ఆగండి. లిఫ్ట్ యాంగిల్, అంటే మెషీన్ రకాన్నిబట్టి యంత్రంలో పెట్టే కోణం, ముందు సరిచేయాలి. యంత్రంలో మామూలుగా 52 డిగ్రీలు ఉంటుంది, యూనిటాస్ 6497కి కావాల్సింది 44. మార్చకపోతే అసలు 230 డిగ్రీలు ఉన్న ఆంప్లిట్యూడ్‌ను (బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతుందో ఆ కొలతను) దాదాపు 270 అని చూపిస్తుంది, మనం సంబరపడిపోతాం. స్టీల్ వాచీ డయల్ పైకి పెడితే 262, నిలబెడితే 231. ఈ వయసుకు చక్కటి ఆరోగ్యం. బంగారు పూతది 188, నిలబెడితే 150కి పడిపోయింది. సర్వీసు తప్పదు. రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంటే ముందు అయస్కాంతం అనుమానించండి: దిక్సూచి పక్కన పెడితే సూది ఊగుతుంది. అయస్కాంతం పోగొట్టే డీమాగ్నటైజర్ మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి ఉంచి, వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లి అప్పుడు బటన్ వదలండి.

వెతికేటప్పుడు అమ్మేవాళ్లను మూడు అడగండి: డయల్‌ను ఎదురుగా తీసిన ఫొటో, మూత తీసిన మెషీన్ ఫొటో, సెకన్ల ముల్లు నడిచే వీడియో. "నడుస్తోంది" అంటే సర్వీసు అయిందని కాదు. ఎండిన నూనెతో నడిచే ప్రతి రోజూ ఇరుసులు అరుగుతాయి, కాబట్టి ధరకు సర్వీసు ఖర్చు కలిపే బేరమాడండి. పగిలిన అద్దం ఫొటోలు, పేరు తప్పుగా రాసిన ప్రకటనలు తెరిచి చూడండి, మంచివి అక్కడే దాక్కుంటాయి.

ఒక జాగ్రత్త. 1960ల దాకా వచ్చిన వాచీల్లో ముళ్ల మీద, అంకెల మీద గోధుమ రంగు పూత ఉంటే అది రేడియం కావచ్చు. చీకట్లో వెలగకపోయినా రేడియేషన్ పోలేదు, దాని అర్ధాయువు 1600 ఏళ్లు. గీకొద్దు, ఊదొద్దు, ఇంట్లో మూత తీయొద్దు. తెలిసిన మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఆ మాట ముందే చెప్పండి.