మానెక్కిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ఏ చింతచెట్టు కొట్టాలో అమ్మవారే పూజారికి కలలో కనబడి చెబుతుందని నమ్మకం. ఆ చెట్టును మానుగా చెక్కి, కొసన ఆసనం కట్టి, పూజారిని కూర్చోబెడతారు. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య మూడు తిరుగుళ్ళు. కింద జనం, జనం మీద జనం. అందరి చేతుల్లోంచీ అరటిపళ్ళు పైకి లేస్తుంటాయి.

చిన్నప్పుడు మా మేనత్తని అడిగాను, "అత్తా, పైనున్నది పూజారేనా, అమ్మవారా?" అని.

"ఓరి గుంటడా, మానెక్కినంతసేపూ అమ్మోరు. దిగినాక పూజారి. ఇందులో తిరకాసేటుంది?" అంది.

ఆవిడకి లేదు గానీ, లోకంలో చాలామందికి ఇది పెద్ద తిరకాసే. 1739లో డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లాండు తత్త్వవేత్త, లోపలికి తొంగి చూసుకుంటే చలో వేడో ప్రేమో ద్వేషమో తగులుతాయి గానీ "నేను" అనేది ఎక్కడా దొరకడం లేదని రాశాడు. మనసు ఒక నాటకశాల లాంటిదన్నాడు. వెంటనే, ఆ శాల ఎక్కడుందో, దేంతో కట్టారో మనకి తెలీదనీ అన్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. స్థిరమైన ఆత్మ లేదన్నది బౌద్ధుల మాట కూడా. మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద భిక్షువులు హ్యూముకి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఉండి వెళ్ళారు.

నాటకశాల అంటే గుర్తొచ్చింది. 1892లో విజయనగరంలోనే గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. అందులో గిరీశం వెంకటేశానికి మహా గురువు, బుచ్చమ్మ ముందు సంఘ సంస్కర్త, పూటకూళ్ళమ్మ వస్తే మంచం కింద దూరే మనిషి. వీటిలో అసలు గిరీశం ఎవరు? నన్నడిగితే, అన్నీ విప్పేస్తే మిగిలేవాడంటూ ఎవడూ లేడు. అందుకే మనకి నవ్వొస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారిది మరో దారి. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక్కడే మనిషి. హరికథలో రుక్మిణి సిగ్గూ ఆయనదే, శిశుపాలుడి పొగరూ ఆయనదే. వేషం మార్చేది లేదు, తెర దించేది లేదు. గొంతు మారితే చాలు, మనిషి మారిపోతాడు. వింటున్న మనకి దాసుగారు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటారు, రుక్మిణీ కనిపిస్తూనే ఉంటుంది. నమ్మడమంటే కళ్ళు మూసుకోవడమని ఎవరన్నారో గానీ, హరికథ విన్నవాళ్ళు మాత్రం అనరు.

ఆ ఏడు అరటిపళ్ళు కొనడానికి అత్త నన్నే పంపింది. గుమ్మం దాటాక వెనక్కి పిలిచి చెప్పింది:

"బాగా మాగినవి తేరా. కాయలు తగిల్తే పూజారిగారికి దెబ్బ తగుల్తాది."